లొంగని తామర: ఒకే ఇల్లు, నాలుగు నమూనాలు

రోగి వయసు 34 ఏళ్ళు. నడుము చుట్టూ, గజ్జల్లో, పిరుదుల మీద, రొమ్ముల కింది మడతల్లో ఏడాదికి పైగా తామర. మా చర్మవ్యాధుల విభాగానికి వచ్చేసరికి ఆమె చేతి సంచిలో సగం వాడిన ట్యూబులు, మాత్రల ఖాళీ అట్టలు గుట్టగా ఉన్నాయి. ఆ సంచిని తెచ్చినందుకు ఆమెకు కృతజ్ఞుడిని. పాత చీటీలు చెప్పని సంగతులు ఖాళీ అట్టలు చెబుతాయి. ఈ కేసు ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

వాడిన మందుల వరుస ఇది. మొదట మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మిశ్రమ క్రీము. అందులో క్లోబెటసాల్ అనే అత్యంత బలమైన స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిసి ఉన్నాయి. రాసిన రెండో రోజుకే దురద తగ్గేది, ఆపిన వారానికే మచ్చ ఇంకా పెద్దదై తిరిగి వచ్చేది. తర్వాత ఒక వైద్యుడు టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున రెండు వారాలు ఇచ్చారు. మరో చోట అదే మాత్రను రోజుకు రెండు చొప్పున నెల రోజులు వాడించారు. ఆ తర్వాత వారానికొక ఫ్లూకొనజోల్. మా దగ్గరకు వచ్చే నాటికి ఇట్రాకొనజోల్ 100 మిల్లీగ్రాముల గొట్టాలు (క్యాప్సూళ్ళు) రోజుకు రెండు వేసుకుంటున్నారు, ఆరో వారం నడుస్తోంది.

"ఇది మాత్రం తప్పకుండా పనిచేస్తుందన్నారు డాక్టరు గారూ. ఇదీ పనిచేయలేదు," అన్నారామె.

ఇలాంటి రోగులు మాకు కొత్త కాదు. గత పదేళ్ళుగా మన దేశంలో ఏ చర్మవ్యాధుల ఓపీలో కూర్చున్నా తామర కేసులే ఎక్కువ. ఈ కేసును విడిగా రాయడానికి కారణం వేరే ఉంది. మందు పనిచేయలేదని తేలగానే రోగి, వైద్యుడు, మందుల షాపు అందరూ ఒకే ముగింపుకు వస్తారు: ఫంగస్ మొండిదై ఉంటుంది, ఇంకా పెద్ద మందు కావాలి. ఆమె విషయంలో టెర్బినఫిన్, ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ అనే మూడు మందులు విఫలమయ్యాయి. ప్రయోగశాలలో చూస్తే ఆ మూడూ మూడు వేర్వేరు కారణాలతో విఫలమయ్యాయి. ఫంగస్ మొండితనం అందులో ఒకదానికే సరిపోయింది.

కంటికి కనిపించింది

మామూలు తామర చూడగానే తెలిసిపోతుంది. గుండ్రటి మచ్చ, పైకి లేచిన ఎర్రటి అంచు, అంచు మీద సన్నటి పొలుసు, మధ్యలో తేరుకుంటున్న చర్మం. ఫంగస్ తినడానికి కొత్త కెరటిన్, అంటే చర్మం పైపొరలోని గట్టి ప్రొటీన్, వెతుక్కుంటూ బయటి వైపు పెరుగుతుంది, దాని వెనుక శరీరం బాగుచేసుకుంటూ వస్తుంది. అందుకే వలయం.

ఈమెకు వలయంలో వలయం, అందులో ఇంకో వలయం ఉన్నాయి. కొన్ని చోట్ల అంచు తెగిపోయి విల్లు ముక్కలా మిగిలింది. పొలుసు దాదాపు లేదు. తొడల లోపలి వైపు చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద కనిపించే తరహా చారలు పడ్డాయి, సన్నటి రక్తనాళాలు పైకి తేలాయి. ఆ చారలు తామర వల్ల పడినవి కావు, క్రీము వల్ల పడినవి. తామర తగ్గినా అవి పూర్తిగా పోవని ఆమెకు మొదటి రోజే చెప్పాల్సి వచ్చింది.

స్టెరాయిడ్ ఇక్కడ ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తామర కలిగించే ఫంగస్‌లు సాధారణంగా చర్మం పైపొరలోని చచ్చిన కణాల్లోనే ఉంటాయి, లోపలికి దిగవు. వాటిని తరిమేందుకు శరీరం మంట పుట్టిస్తుంది, పైపొరను త్వరత్వరగా రాల్చేస్తుంది. మనం రోగం అనుకునే ఎరుపూ దురదా చాలా వరకు ఆ పోరాటపు గుర్తులే. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. రోగికి హాయిగా ఉంటుంది, ఫంగస్‌కు అంతకంటే హాయిగా ఉంటుంది. కొన్ని రోజులు ఆపగానే పోరాటం మళ్ళీ మొదలవుతుంది, వలయం లోపల కొత్త వలయం పుడుతుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్‌లను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. ఆమె సంచిలో ఉన్న ట్యూబుల్లో ఒక్కదానికీ చీటీ లేదు.

గీరిన పొలుసు

నమూనా తీయడాన్ని చిన్న పనిగా చూస్తారు. చాలా చోట్ల దాన్ని కొత్తగా చేరిన వారికి అప్పగిస్తారు. నా లెక్కలో ప్రయోగశాల ఫలితం మంచిదో చెడ్డదో సగం అక్కడే తేలిపోతుంది. ముందుగా స్పిరిట్‌తో ఆ చోటు తుడవాలి, లేకపోతే పొలుసుకు బదులు నిన్న రాసిన క్రీము గీరుకొస్తుంది. గీరాల్సింది మచ్చ మధ్యలో కాదు, పెరుగుతున్న అంచు దగ్గర. బ్లేడు మొద్దు వైపును చర్మానికి దాదాపు నిలువుగా పట్టి, లోపలి నుంచి బయటికి లాగాలి. కింద నల్ల కాగితం పెడితే తెల్లటి పొడి ఎంత పడిందో కనిపిస్తుంది. ఈమెకు పొలుసు తక్కువ కాబట్టి నడుము దగ్గర రెండు చోట్ల, తొడ మీద ఒక చోట గీరాం. రాలిన పొడిని కాగితంలోనే మడిచి ప్రయోగశాలకు పంపాం. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో పంపితే తేమకు బ్యాక్టీరియా పెరిగి కల్చర్‌ను, అంటే ఫంగస్‌ను పెంచి చూసే పరీక్షను, పాడుచేస్తుంది.

పొలుసులో కొంత భాగాన్ని గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేసి, పైన కవర్‌స్లిప్ పెట్టి కాసేపు వదిలేశారు. క్షారం కెరటిన్‌ను కరిగిస్తుంది, ఫంగస్ గోడను కరిగించలేదు. మైక్రోస్కోప్ కింద చర్మకణాలు మసకబారిపోగా, వాటి మధ్య నుంచి అడ్డగోడలున్న పొడవాటి తంతువులు కొమ్మలుగా చీలుతూ పోయాయి. ఒక్కో చూపులో అవి లెక్కకు మించి ఉన్నాయి. ఫంగస్‌లను గుర్తించే మా మైకాలజిస్టు చూసి, స్టెరాయిడ్ వాడినవాళ్ళ పలకలు ఎప్పుడూ ఇంతేనమ్మా అని శిక్షణలో ఉన్న వైద్యురాలికి, అంటే రెసిడెంటుకు, చూపించారు. మామూలు తామరలో ఒక్కోసారి ఒక తంతువు కోసం పలకంతా వెతకాల్సి వస్తుంది.

అంటే ఆరో వారం ఇట్రాకొనజోల్ మీద ఉన్న మనిషి చర్మంలో ఫంగస్ నిండుగా ఉంది. మొదటి తిరకాసు ఇదే.

చర్మరోగాల ప్రయోగశాలలకు ఈ పలకతో అనుబంధం చాలా పాతది. 1841లో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ తలకు పట్టే ఒక రకం తామరలో ఫంగస్‌ను మైక్రోస్కోప్‌లో చూసి, దాన్ని ఆరోగ్యవంతమైన చర్మానికి అంటించి రోగం పుట్టించి చూపించారు. రాబర్ట్ కోచ్ ఆంథ్రాక్స్ మీద పనిచేయడానికి మూడు దశాబ్దాలకు పైగా ముందు సంగతి ఇది. సూక్ష్మజీవి వల్ల రోగం వస్తుందని మనిషి విషయంలో మొదట నిరూపించిన వాళ్ళలో చర్మం గీరినవాళ్ళూ ఉన్నారని విద్యార్థులకు చెప్పడం నాకు ఇష్టం. ఈ మాట ఇక్కడ అనవసరమే, అయినా రాశాను.

పేరు తేల్చడం

మిగిలిన పొలుసును ఫంగస్‌లను పెంచే సబురో అగర్ అనే పోషక పదార్థం మీద నాటారు. బ్యాక్టీరియా పెరగకుండా క్లోరాంఫెనికాల్, గాలిలోంచి వచ్చే బూజులు పెరగకుండా సైక్లోహెక్సిమైడ్ అందులో కలిసి ఉంటాయి. 28 డిగ్రీల దగ్గర పెడితే ఈ ఫంగస్‌లు ఒకటి నుంచి నాలుగు వారాలు తీసుకుంటాయి. ఈమెది వారం తిరక్కుండానే పైకి వచ్చింది. తెల్లగా, పిండి చల్లినట్టు, చదునుగా. మైక్రోస్కోప్ కింద గుత్తులు గుత్తులుగా గుండ్రటి చిన్న బీజాలు, అక్కడక్కడా స్ప్రింగులా చుట్టుకున్న తంతువులు. ఫంగస్ యూరియాను విరుస్తుందో లేదో చూసే యూరియేజ్ పరీక్ష నెగటివ్.

ఇంతవరకు చూసి పాత పుస్తకాల ప్రకారం దీన్ని ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైట్స్ అనో, ఇంటర్‌డిజిటేల్ అనో రాసి పంపేయవచ్చు. చాలా కాలం అలాగే రాశాం కూడా. యూరియేజ్ నెగటివ్ కావడం ఒక్కటే అనుమానం రేపింది, ఎందుకంటే ఆ రెండూ మామూలుగా పాజిటివ్ చూపిస్తాయి. రూపం చూసి ఈ దగ్గరి బంధువులను విడదీయడం నమ్మకమైన పని కాదు. అందుకని డీఎన్‌ఏ తీశారు. ఫంగస్ కణం గోడ గట్టిది, బ్యాక్టీరియాకు వాడే పద్ధతులకు అది తేలిగ్గా పగలదు. సన్నటి గాజు పూసలతో కలిపి వేగంగా కుదిపి పగలగొట్టాల్సి వచ్చింది. రైబోసోమల్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ అనే భాగాన్ని పీసీఆర్‌తో పెంచి, దాని డీఎన్‌ఏ అక్షరాల వరుస చదివారు.

వచ్చిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. 2020లో జపాన్ పరిశోధకులు దీన్ని విడి జాతిగా వర్ణించారు. వాళ్ళ దగ్గరకు వచ్చిన రోగులు భారత్, నేపాల్ మూలాలున్నవారు కాబట్టి పేరులో మన దేశం చేరింది. అంతకుముందు దీన్నే మెంటాగ్రోఫైట్స్‌లో ఎనిమిదో జన్యురకం అనేవారు. ఈ పాత పేర్ల వల్ల చిన్న చిక్కు ఉంది. అంతర్జాతీయ డేటాబేస్‌లో వరుసను పోల్చి చూస్తే ఇదే ఫంగస్ మూడు పేర్లతో ఎదురవుతుంది, ఎవరు ఏ ఏడాది ఏ పేరుతో జమ చేశారో దాన్ని బట్టి. పైన వచ్చిన మొదటి పేరును నకలు చేసుకుని నివేదిక పంపే ప్రయోగశాలలు ఉన్నాయి. ప్రామాణిక జాతి వరుసతో పోల్చే ఓపిక కావాలి.

ప్రధానంగా మనిషి నుంచి మనిషికి పాకే ఫంగస్ ఇది. జంతువులను నిందించాల్సిన పని లేదు. భారత ఉపఖండం దాటి యూరప్‌కూ, ఇతర ఖండాలకూ పాకింది, 2023లో అమెరికాలో మొదటి కేసులను అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది.

టెర్బినఫిన్ ఎందుకు ఓడింది

ఫంగస్ కణపు పొరకు ఎర్గోస్టెరాల్ కావాలి, మన కణాలకు కొలెస్టరాల్ ఎలాగో అలాగే. దాని తయారీలో తొలి అంచెల్లో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము పనిచేస్తుంది. టెర్బినఫిన్ సరిగ్గా ఆ ఎంజైము గుంటలో ఇరుక్కుని దాన్ని ఆపుతుంది. ఒకవైపు ఎర్గోస్టెరాల్ కరువవుతుంది, మరోవైపు వాడకం లేని స్క్వాలీన్ పేరుకుని కణానికి విషమవుతుంది. రెండు వైపులా దెబ్బ కాబట్టే ఈ మందు ఫంగస్‌ను ఆపడమే కాక చంపుతుంది. 1990ల నుంచి తామరకు ఇదే మొదటి మందు కావడానికి కారణం అదే.

ఈ ఎంజైమును తయారుచేసే జన్యువు వరుసను చదివించాం. 397వ స్థానంలో ఫినైల్‌అలనిన్ ఉండాల్సిన చోట లూసిన్ ఉంది. డీఎన్‌ఏలో ఒకే అక్షరం మారింది. గుంట ఆకారం అంతమేర మారి మందు అందులో కుదురుకోదు, ఎంజైము మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. మన దేశంలో మందుకు లొంగని నమూనాల్లో మళ్ళీ మళ్ళీ దొరికే మార్పు ఇదే. 393వ స్థానంలోనూ ఇలాంటి మార్పులే కనిపిస్తాయి.

జన్యువులో మార్పు చూడగానే తీర్పు రాయడం నాకు నచ్చదు. మందు సమక్షంలో ఫంగస్ నిజంగా పెరుగుతుందో లేదో చూడాలి. 96 గుంటల ప్లేటులో ఒక వరుస పొడవునా టెర్బినఫిన్‌ను సగం సగంగా పలచబరుస్తూ పోసి, ప్రతి గుంటలో లెక్క కట్టిన బీజాలు వేసి, అయిదు రోజులు ఉంచారు. పక్క వరుసలో టెర్బినఫిన్‌కు లొంగే పాత జాతి. పాత జాతి అతి తక్కువ గాఢతలోనే, మిల్లీలీటరుకు 0.03 మైక్రోగ్రాముల దగ్గరే ఆగిపోయింది. ఈమె ఫంగస్ 8 మైక్రోగ్రాముల గుంట వరకు తెల్లటి మబ్బులా పెరుగుతూనే వచ్చింది. టెర్బినఫిన్ రోజుకు ఒకటి కాదు, నాలుగు వేసినా ప్రయోజనం ఉండదని అర్థం. మోతాదు రెట్టింపు చేసిన వైద్యుణ్ణి తప్పుపట్టను, పరీక్ష లేకుండా ఎవరైనా అదే చేస్తారు. దానివల్ల కడుపులో మంట మొదలైందన్న ఒక్క వాక్యం మాత్రం ఆమె చీటీలో ఉంది. దాన్ని గుర్తుపెట్టుకోవాలి, ముందు అవసరపడుతుంది.

ఫ్లూకొనజోల్ సంగతి క్లుప్తంగా. అది ఇట్రాకొనజోల్‌లాగే అజోల్ అనే ఫంగస్ మందుల వర్గానిదే, కానీ ఈ జాతి మీద దాని బలం మొదటి నుంచీ తక్కువ. పరీక్షలోనూ అంతే వచ్చింది. వారానికొక మాత్రతో నయమై ఉంటే ఆశ్చర్యపడాల్సింది. దీన్ని ప్రతిఘటన అనడం కంటే, మందు ఎంపిక సరిపోలేదనడం న్యాయం.

ఇట్రాకొనజోల్ చిక్కుముడి

ఇట్రాకొనజోల్ ఇదే ఎర్గోస్టెరాల్ తయారీలో ఇంకొంచెం కింది మెట్టును అడ్డుకుంటుంది, టెర్బినఫిన్ గుంటతో దానికి సంబంధం లేదు. అందువల్ల 397లో మార్పు ఉన్నా ఈ మందుకు ఫంగస్ లొంగాలి. లొంగలేదు. అజోల్‌లకు గురి అయ్యే ఎంజైము జన్యువు ఇండోటినియేలో కొన్నిసార్లు ఒకటికి పలు ప్రతులుగా పెరిగి మందును తట్టుకుంటుందని 2022 నుంచి తెలుసు. రెసిడెంట్లు అందరూ దాని మీదే పందెం కట్టారు. అదే వర్గంలోని మరో మందు వోరికొనజోల్‌కు మారుద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. అది ఖరీదైన మందు, ఎండకు చర్మం మాడేలా చేస్తుంది. రుజువు లేకుండా అంత దూరం పోవడానికి ఒప్పుకోలేదు.

ప్లేటు ఫలితం వచ్చింది. ఇట్రాకొనజోల్ 0.06 మైక్రోగ్రాముల గుంటలోనే పెరుగుదల ఆగిపోయింది. ప్రయోగశాలలో ఇంత తేలిగ్గా లొంగిన ఫంగస్ ఒంటి మీద ఆరు వారాలు ఎలా నిలిచింది?

ఇక్కడ ఫంగస్‌ను వదిలేసి మందు వైపు చూడాలి. ఆమె మొదటి రోజు ఇంకా ఆ గొట్టాలు వేసుకుంటూనే ఉన్నారు కాబట్టి, ఉదయం మాత్రకు ముందు తీసిన రక్తం మా దగ్గర ఉంది. రక్తంలోని మందును విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఇట్రాకొనజోల్‌నూ, శరీరంలో దాని నుంచి తయారయ్యే, మందులాగే పనిచేసే హైడ్రాక్సీ ఇట్రాకొనజోల్‌నూ కొలిచారు. రెండూ యంత్రం నమ్మకంగా చెప్పగలిగే కనీస స్థాయికి కిందే ఉన్నాయి. రెండు వారాల్లో స్థిరపడాల్సిన మందు ఆరో వారంలో రక్తంలో లేదు. తామరకు ఇంత ఉండాలని ఒప్పుకున్న లెక్క ఏదీ లేదు. లోతైన ఫంగస్ వ్యాధుల్లో వాడే లెక్కతో పోల్చడం కొంత సాగదీతే. కానీ సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు ఏ లెక్కతో పోల్చినా ఫలితం ఒకటే.

మాత్రలు ఎలా వేసుకుంటున్నారో మళ్ళీ అడిగాను. మానేశారా అని కాదు, ఎలా అని.

"పొద్దున పరగడుపున గ్యాస్ మాత్ర, దాంతోపాటే ఈ గొట్టం. రాత్రి కూడా భోజనానికి ముందే. కడుపులో మంట వస్తుందని ఆ డాక్టరు గారు రెండు పూటలా గ్యాస్ మాత్ర రాశారు," అన్నారు. ఒక్క పూట కూడా తప్పలేదని ఆమె భర్త సాక్ష్యం చెప్పారు.

ఇట్రాకొనజోల్ గొట్టంలోని మందు నీటిలో కరగదు, కడుపులో ఆమ్లం బాగా ఉంటేనే కరుగుతుంది. అన్నంతో వేసుకుంటే ఆమ్లం ఊరి, ఆహారంలోని కొవ్వు తోడై రక్తంలోకి చేరుతుంది. గ్యాస్ మాత్ర చేసే పనే ఆమ్లాన్ని ఆపడం. టెర్బినఫిన్ రెట్టింపు వేసినప్పుడు మొదలైన మంట, ఆ మంటకు రాసిన మాత్ర, ఆ మాత్రతో కరగకుండా పోయిన తర్వాతి మందు. ఇన్ని నెలల్లో ఆమె చీటీలన్నీ ఒక చోట పెట్టి చూసినవారు లేరు. క్రమం తప్పకుండా మందు వేసుకునే రోగికే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే గ్యాస్ మాత్ర కూడా అంతే క్రమంగా వేసుకుంటుంది.

గొట్టం విప్పి కూడా చూశాం. లోపల చక్కెర పూసల మీద మందు పూత పూసిన చిన్న చిన్న గుళికలు ఉంటాయి. వాటి పరిమాణం, పూత సమంగా లేకపోతే మందు సరిగా కరగదు. మన మార్కెట్లో ఈ విషయంలో తేడాలు ఉన్నాయి. ఈమె వాడినవాటిలో గుళికలు ఒకే తీరుగా ఉన్నాయి. కంటితో చూసింది కరుగుదల పరీక్షకు సమానం కాదు, కాబట్టి దాని మీద అంతకుమించి చెప్పను.

ఇంట్లో మిగిలిన వాళ్ళు

భర్తకు ఏమీ లేదని చెప్పారు. బట్ట తొలగించి చూస్తే గజ్జల్లో రెండు వైపులా అరచేతి వెడల్పున మచ్చ ఉంది. దురద వేసినప్పుడల్లా భార్య క్రీమే కొంచెం రాసుకుంటున్నారు. ఆరేళ్ళ అబ్బాయి ముంజేతి మీద చిన్న వలయం. తామర రోగిని ఒంటరిగా పరీక్షించి పంపడం సగం పరీక్షే అని నా అభిప్రాయం. ఇద్దరి నమూనాల్లోనూ అదే ఇండోటినియే, అదే 397 మార్పు వచ్చాయి.

అయితే ఇంట్లో నింద పడింది అత్తగారి మీద. ఆమె కాలి బొటనవేళ్ళ గోళ్ళు చాలా ఏళ్ళుగా పసుపుపచ్చగా, మందంగా, పెళుసుగా ఉన్నాయి. కోడలు తన తామర అక్కడి నుంచే వచ్చిందని గట్టిగా నమ్ముతోంది. నిజం చెప్పాలంటే మేము కూడా అటే అనుమానించాం, గోరు ఫంగస్‌కు మంచి దాపు. గోరు కింది పొడిని, వీలైనంత వెనుకనుంచి తీసి కల్చర్‌కు పెట్టాం. కాలనీ నెమ్మదిగా పెరిగింది. పైన దూదిలా తెల్లగా, కింది వైపు వైన్ రంగు. ట్రైకోఫైటాన్ రూబ్రమ్. పూర్తిగా వేరే జాతి. జన్యువులో మార్పు లేదు, టెర్బినఫిన్‌కు అతి తక్కువ గాఢతలోనే లొంగింది.

ఈ ఫలితాన్ని నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాం. పెద్దావిడ ఒక్కటే అడిగారు: "అయితే నా వల్ల కాదన్నమాట కదా బాబూ?" కాదమ్మా అని కాగితం చూపించాను. ఆమె కాలేయ పరీక్షలు బాగుండటంతో టెర్బినఫిన్ రోజుకొకటి మూడు నెలలకు రాశాం. కోడలికి ఎందుకూ పనికిరాని మందు అదే ఇంట్లో అత్తగారికి సరైన మందైంది. ఈ కేసును రెసిడెంట్ల సమావేశంలో చెప్పినప్పుడు అందరూ జన్యు మార్పు గురించే ప్రశ్నలు వేశారు. నాకైతే ఈ గోరు ఫలితమే ఎక్కువ విలువైనదనిపించింది. ఇక్కడ టెర్బినఫిన్‌కు ఏదీ లొంగదు అని గుడ్డిగా చెప్పేవారికి అది జవాబు.

చికిత్స

స్టెరాయిడ్ క్రీము ఆ రోజే ఆపించాం. నెలల తరబడి ఒంట్లో ఇన్ని చోట్ల క్లోబెటసాల్ రాసుకున్న మనిషిలో అడ్రినల్ గ్రంథి మందగించే వీలుంది కాబట్టి, ఆ గ్రంథి తయారుచేసే సహజ స్టెరాయిడ్ కార్టిసాల్ ఉదయం ఎనిమిది గంటలకు రక్తంలో ఎంత ఉందో చూశాం. మామూలు స్థాయి కింది అంచున ఉంది, తర్వాత దానంతటదే కోలుకుంది. ఇట్రాకొనజోల్ కాలేయంలో స్టెరాయిడ్‌లను విరిచే ఎంజైమును ఆపుతుంది. రెండూ కలిపి వాడితే స్టెరాయిడ్ ప్రభావం ఇంకా పెరగవచ్చు. క్రీము ఆపిన మొదటి రెండు వారాలు దురద, ఎరుపు పెరుగుతాయని ముందే హెచ్చరించాం. ఈ మాట ముందు చెప్పకపోతే రోగి మూడో రోజున మళ్ళీ పాత ట్యూబే అందుకుంటుంది.

మందు మార్చలేదు. అదే ఇట్రాకొనజోల్, అదే మోతాదు. రెండు పూటలా కడుపునిండా భోజనం చేసిన వెంటనే వేసుకోమన్నాం, గ్యాస్ మాత్ర మాన్పించాం. టెర్బినఫిన్ ఆపిన తర్వాత ఆమెకు కడుపులో మంట ఎటూ లేదు. గుండె జబ్బు, కొలెస్టరాల్ మందులు, గర్భం ఉన్నాయా అని అడిగి, కాలేయ పరీక్ష చేయించి మొదలుపెట్టాం. పైపూతకు స్టెరాయిడ్ లేని లులికొనజోల్ అనే ఫంగస్ మందు ఇచ్చాం, మచ్చ దాటి రెండు వేళ్ళ వెడల్పు వరకు రాయమని చెప్పాం. భర్తకూ ఇదే చికిత్స. అబ్బాయికి ఒక్క వలయమే కాబట్టి పైపూతతో సరిపెట్టాం. తువ్వాళ్ళు, లోదుస్తులు ఎవరివి వారివే. ఉతికేటప్పుడు 60 డిగ్రీల వేడి ఉండాలి. చల్లటి నీళ్ళలో సబ్బు పెట్టినంత మాత్రాన ఫంగస్ బీజాలు చావవు.

రెండు వారాల తర్వాత తీసిన రక్తంలో ఇట్రాకొనజోల్ మిల్లీలీటరుకు 0.7 మైక్రోగ్రాములు ఉంది. నాలుగో వారానికి కొత్త వలయాలు రావడం ఆగింది. ఎనిమిదో వారానికి చర్మం చూడటానికి శుభ్రంగా ఉంది, గోధుమ రంగు మచ్చలు మాత్రం మిగిలాయి. ఇక్కడే చాలామంది మందు ఆపేస్తారు. మేము మచ్చ అంచు ఉండిన చోటే మళ్ళీ గీరాం. పలక మీద ఒక చోట రెండు తంతువులు కనిపించాయి. అవి బతికున్నవో చచ్చినవో పలక చెప్పలేదు, కల్చర్ చెబుతుంది. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. అయినా మరో రెండు వారాలు కొనసాగించి, రెండోసారి పలక, కల్చర్ రెండూ నెగటివ్ వచ్చాకే ఆపాం.

ప్రతి తామర రోగికీ ఇన్ని పరీక్షలు చేయాలని నేను అనను. జన్యు వరుస చదవడం చాలా చోట్ల వీలు కాదు, చాలామందికి అవసరమూ లేదు. పొటాషియం హైడ్రాక్సైడ్ పలక మాత్రం ప్రతి ఓపీలోనూ ఉండాలి. సరైన మందు, సరైన కాలం వాడినా తగ్గనివారికి కల్చర్ పంపాలి. అది కూడా మొదటి మందు ఓడినప్పుడే తప్ప నాలుగోది ఓడాక కాదు. ఈ కేసు తర్వాత మా ప్రయోగశాల నమూనా ఫారంలో రెండు గడులు చేర్చాం. గత నెలలో వాడిన పూత మందుల పేర్లు ఒకటి, గ్యాస్ మాత్రలు వాడుతున్నారా, అన్నంతో వేసుకుంటున్నారా అన్నది రెండోది. ఆ రెండో గడి నిండి వస్తున్న తీరు చూస్తే, ఇట్రాకొనజోల్‌కు లొంగదు అనుకుని మా దగ్గరకు పంపిన వాళ్ళలో పరగడుపున వేసుకునేవారు తరచుగానే కనిపిస్తున్నారు.

ఆరు నెలల తర్వాత చూసినప్పుడు ఆమెకూ, అబ్బాయికీ చర్మం శుభ్రంగా ఉంది. అత్తగారి గోళ్ళు మొదళ్ళ నుంచి సగం వరకు మామూలుగా పెరిగాయి, కాలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది పైనే పడుతుంది. భర్తకు మాత్రం గజ్జలో చిన్న వలయం తిరిగి వచ్చింది. అయిదో వారంలో దురద పోగానే మాత్రలు మానేశానని తనే చెప్పారు. కొత్త నమూనాలో అదే ఇండోటినియే, ఇట్రాకొనజోల్‌కు అదే 0.06. మందు మార్చకుండా, అన్నం తిన్న వెంటనే వేసుకోమని మళ్ళీ మొదలుపెట్టించాం. ఈసారి రెండు కల్చర్‌లు నెగటివ్ వచ్చేదాకా ఆపేది లేదని ఆయన భార్య మా ఎదుటే చెప్పారు.